హుసేన్‌బీ ఆఖరి పురుడు

హుసేన్‌బీ అవ్వ ఎవరినీ పేరు పెట్టి పిలవదు. పుట్టిన తీరు పెట్టి పిలుస్తుంది. మా వీధిలో ట్రాక్టరు నడిపే కురుమయ్యకు నలభై దాటాయి. మీసం మెలేస్తాడు, పంచాయతీలో గొంతు పెంచి మాట్లాడతాడు. అయినా అవ్వ అరుగు ముందు నుంచి వెళ్ళేటప్పుడు మాత్రం తల కాస్త దించుకునే వెళ్తాడు. "ఏం రా ఎదురుకాళ్ళోడా, తిన్నవా?" అని ఆమె పదిమందిలో అడుగుతుంది. తల్లి కడుపులోంచి కాళ్ళు ముందు పెట్టి వచ్చిన మనిషి అతను. నడుము పట్టేసిన ముసలివాళ్ళు ఇప్పటికీ అతని ఇంటికి వెళ్ళి, బోర్లా పడుకుని వీపు తొక్కించుకుంటారు. ఆ కాళ్ళను మొట్టమొదట పట్టుకున్నవి హుసేన్‌బీ చేతులు.

నన్ను గప్‌చుప్ అంటుంది. పుట్టగానే నేను ఏడవలేదట. అరికాళ్ళ మీద కొట్టి, వీపు రుద్ది, ఆఖరికి నా నోట్లో తన ఊపిరి ఊదితే గానీ గొంతు లేవలేదట. "గప్పుడు కొడితే సప్పుడు చేసినవ్. ఇప్పుడు కొట్టే దిక్కు లేక మాట్లాడ్తలేవ్" అని నవ్వుతుంది. తొమ్మిదో తరగతితో నా బడి ఆగిపోయాక మధ్యాహ్నాలు ఎక్కువగా ఆమె అరుగు మీదే గడిచాయి. ఆమె మాట్లాడేది, నేను చూస్తుండేదాన్ని.

మా ధరూర్‌లో సగం ఊరు ఆమె చేతుల మీదుగానే నేల మీద పడింది. వాళ్ళది దూదేకులవాళ్ళ ఇల్లు. తాత ఖాజా మియా ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. అవ్వ పురుళ్ళు పోసేది. నొప్పులు మొదలైన ఇల్లు రెడ్లదా, మాలవాళ్ళదా, తురకలదా అని ఆమె ఏనాడూ అడగలేదు. తర్వాత రోడ్డు పడింది, అంబులెన్సు వచ్చింది, కడుపుతో ఉన్నవాళ్ళంతా గద్వాల దవాఖానకు వెళ్ళడం మొదలైంది. ఒకరోజు ఆశా కార్యకర్త వచ్చి, "అవ్వా, ఇంక ఇంట్ల కాన్పులు చెయ్యొద్దు" అని మెల్లగా చెప్పింది. అవ్వ గొడవ పడలేదు. "మంచిదే బిడ్డా. నా చేతులల్ల పోయినోళ్ళు కూడ ఉన్నరు. దవాఖాన ఉంటే బతికేటోళ్ళు" అంది.

అనడమైతే అంది. కానీ ఆమె ఇనప్పెట్టెలో ఒక మూట ఉంది. ఉతికిన పాత చీరల పేలికలు, దారపు ఉండ, సూది, సాంబ్రాణి. ప్రతి ఏడూ వానలు వెలిశాక ఆ గుడ్డల్ని మళ్ళీ ఉతికి, ఎండకు ఆరవేసి, మళ్ళీ మూట కట్టేది. ఎవరి కోసమని నేను ఒక్కసారే అడిగాను.

"ఒక్క పురుడు రాకపోతదా అని" అంది, తన రెండు చేతుల్నీ తిప్పి చూసుకుంటూ. అవి అప్పటికే వణుకుతున్నాయి. "ఒక్కటే. ఈ చేతులు ఊకె మట్టిల కలుస్తయేమోనని రంది."

ఆ పురుడు ఎలా వచ్చిందో ఇప్పుడు చెబుతాను.

అవ్వ మనవడు ఇంతియాజ్‌కు గద్వాలలో చేపపిల్లలు, రంగు పిట్టలు అమ్మే దుకాణం ఉంది. పత్తి తీతలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం అతను ఆటో దిగి, గుడ్డ కప్పిన తీగల బోనొకటి తెచ్చి అరుగు మీద పెట్టాడు. గుడ్డ తీస్తే లోపల, పల్లి పొట్టులో, పిడికెడంత జంతువు. బంగారు రంగు వీపు, తెల్లటి పొట్ట, మినపగింజల్లాంటి కళ్ళు. తోక ఉందా లేదా అన్నంత చిన్నది. ఒక చెవి కొస చినిగి ఉంది.

ఖాజా మియా తాత వంగి చూశాడు. "ఎలుకనా? మనింట్ల ఉన్నయి సాలవని పట్నం నుంచి తెప్పిచ్చినవా?"

"ఎలుక కాదు తాతా, హామ్‌స్టర్. జోడీ అయితే జనం ఇష్టంగ కొంటరని మొగదాన్ని, ఆడదాన్ని ఒక్క బోన్ల పెట్టిన. రెండు దినాలు బాగనే ఉన్నయి. మళ్ళ రక్తాలు కారేటట్టు కొట్టుకున్నయి. ఇవి ఒంటిగ బతికే జానవర్లంట. ఒక్క ఇంట్ల రెండు ఇమడవంట. నాకేం తెల్సు? ఈమెకు చెవి ఒక్కటే చినిగింది. వాణ్ణి సూడాలె, లేవలేకపోయిండు."

"మీ దాదీ లెక్కనే ఉన్నది" అన్నాడు తాత.

"నీకు చెవులు రెండు బాగనే ఉన్నయిగద, సంతోషపడు" అంది అవ్వ, బోను వైపు నుంచి చూపు తిప్పకుండానే.

ఇంతియాజ్ గొంతు తగ్గించాడు. "దాదీ, కడుపుతోని ఉన్నట్టున్నది. దుకాణంల లొల్లి, పిల్లగాండ్ల కేకలు. ఈడైతే జర సల్లగ, సప్పుడు లేకుంట ఉంటదని తెచ్చిన. కానీ పిల్లలు బతుకుతయని ఆశ పెట్టుకోకు. మొదటి కాన్పు. బెదిరితే ఇవి పుట్టిన పిల్లల్ని తినేస్తయి. జర దూరం నుంచే సూడున్రి."

"తల్లి పిల్లల్ని తింటదా? నా బతుకుల సూడలే."

"నువ్వు సూసింది మనుషులను గద."

"కడుపు కడుపే రా. లోపల పెట్టు బోను."

ఇంతియాజ్ వెళ్ళిపోయాక అవ్వ పెట్టె తెరిచి మూటను బయటికి తీయడం చూశాను. ముడి విప్పలేదు. బోను పక్కన పెట్టి, దాని మీద చేయి వేసి కూర్చుంది. ఆమె ఎదురుచూసిన ఒక్క పురుడు ఇదేనని అప్పుడే నిర్ణయించుకుందని నాకు అర్థమైంది. ఆ పిల్లలు బతకాలి. ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు.

పగలంతా అది పొట్టులో దూరి నిద్రపోయేది. దీపాలు పెట్టే వేళకు లేచేది. మొదటి సాయంత్రం అవ్వ గుప్పెడు పల్లీలు బోనులో వేసింది. అది ఒక్కొక్క గింజనూ రెండు చేతులతో పట్టుకుని నోట్లో పెట్టుకోవడం మొదలుపెట్టింది. నమలడం లేదు, మింగడం లేదు. ఒకటి వెళ్ళింది, రెండోది వెళ్ళింది, గుప్పెడూ వెళ్ళిపోయింది. బుగ్గలు ఉబ్బి ఉబ్బి భుజాలు దాటాయి. తల ఒంటికన్నా వెడల్పయింది. అలాగే ఊగుతూ మూలకు నడిచి, ముందుకాళ్ళతో బుగ్గల్ని వెనక నుంచి ముందుకు తోసుకుంటే పల్లీలన్నీ బొలబొలా రాలాయి. ఒక్కటీ విరగలేదు.

"యా అల్లా!" అంది అవ్వ నోటి మీద చేయి వేసుకుని. "దీని దవడలల్ల గంపలున్నయి!"

రాలిన పల్లీల వైపు చూస్తూ తన కొత్త కాపురం రోజుల గురించి చెప్పింది. పల్లి పీకుడు అయిపోయిన చేలల్లో ఆడవాళ్ళు ఎలుక బొక్కలు తవ్వేవారట. లోపల ఎలుకలు దాచుకున్న కాయలు గంపెడు, ఒక్కోసారి రెండు గంపలు దొరికేవట. ఒకే తీరు కాయలు, ఏరి పేర్చినట్టు. "గవి తినే మేం చలికాలం ఎల్లదీసినం. ఎట్ల మోస్తదో గన్ని అని అప్పుడే అనుకున్న. ఆ ఎలుకకు గిన్ని దవడలు లేవు పాపం. ఒక్కొక్కటి పండ్లల్ల పట్టుకొని మోసిందేమో. మేం తవ్వుకొని తిన్నం." ఆ మాట అన్నాక ఇంకో గుప్పెడు పల్లీలు వేసింది.

మర్నాటి నుంచి నాకొక పని దొరికింది. మా అమ్మ ఫోనులో ఈ జంతువు గురించి తెలుగులో ఏం దొరికితే అది వెతికి అవ్వకు చదివి వినిపించడం. బడి మానేశాక నేను ఎవరి ముందూ గొంతెత్తి చదివింది లేదు. అవ్వ మాత్రం ప్రతి ముక్కకూ నేనే కనిపెట్టానన్నట్టు నా వైపు ఆశ్చర్యంగా చూసేది.

దాని ముందుపళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయని, అందుకే తీగలు కొరికి అరగదీసుకుంటుందని చదివాను. నోట్లో రెండే పళ్ళు మిగిలిన తాత, "నాకు గా రెండన్న గట్ల పెరిగితే సాలు, పల్లి బుడ్డలు నమిలేటోణ్ణి" అన్నాడు. చలి మరీ ముదిరితే చచ్చినట్టు బిగుసుకుని పడుకుంటుందని, తెలియనివాళ్ళు పాతిపెట్టేస్తారని చదివితే, అవ్వ వెంటనే లేచి బోను మీద గోనెపట్టా కప్పింది. జానెడు దూరం దాటితే దానికి అంతా మసకేనని, వాసనే దానికి చూపని చదివాను. తన ఇల్లు, తన పిల్ల, తన శత్రువు, అన్నీ వాసనతోనే పోల్చుకుంటుందట.

కడుపు మోసేది పదహారు రోజులేనని చదివినప్పుడు అవ్వ నన్ను మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

"పదారు దినాలల్ల?" ఆమె వేళ్ళు మడిచి చూసుకుంది. "మాకు గన్ని దినాలకు కడుపైన సంగతే తెల్వదు. పదారు దినాలల్ల కాళ్ళు, చేతులు, కండ్లు, గోర్లు... ఎవడు గంత జల్దిగ కుడుతడు?" పైకి చూసింది. తాటి దూలాల మధ్య ఏమైనా కనిపిస్తుందేమోనన్నట్టు చాలాసేపు అలాగే చూసింది.

అన్నిటికన్నా వింతది ఇంకో రోజు దొరికింది. తొంభై ఏళ్ళకు పైగానే అయింది. సిరియా దేశంలో అలెప్పో అనే ఊరి దగ్గర, ఒక గోధుమ చేనులో, మనిషి నిలువుకన్నా లోతుగా తవ్వి, ఒక తల్లిని, దాని పిల్లల్ని బయటికి తీశారట. ఇప్పుడు దేశదేశాల్లో ఇళ్ళలో పెంచుకునే ఈ బంగారు రంగు జాతంతా దాదాపు ఆ ఒక్క ఈత సంతానమేనట.

తాత టోపీ సర్దుకుని లేచి కూర్చున్నాడు. "సిరియా అంటే షామ్. అలెప్పో అంటే హలబ్. ప్రవక్తలు తిరిగిన నేల అది." బోను వైపు చూశాడు. ఆ రోజు నుంచి ఆయన దాన్ని ఎలుక అనలేదు. షామ్‌బీ అన్నాడు.

"మళ్ళ ఆ తల్లి ఏమైంది?" అని అడిగింది అవ్వ.

తడబడుతూనే చదివాను. పిల్లలతో సహా పెట్టెలో పెట్టేసరికి ఆ తల్లి బెదిరి, ఒక పిల్లను కొరికి చంపేసిందట. మిగిలినవాటిని మనుషులు పెంచారట.

అవ్వ ముఖం నల్లబడింది. "పురిటి మనిషిని పెట్టెల పెట్టి మోసుకపోతరా ఎవరన్న? తెలివి లేనోళ్ళు" అంది.

ఆ మధ్యాహ్నమే తాత గోడకు వేలాడుతున్న దూదేకే విల్లును దించాడు. మిషన్లు వచ్చాక దాన్ని ఎవరూ దించింది లేదు. నారి బిగించి, కురుమయ్య చేనులో కొత్తగా తీసిన పత్తి తెచ్చి, గింజలు ఒలిచి, ఏకాడు. టుంయ్, టుంయ్ మంటూ వీధంతా మోగింది. దూది పొగమంచులా లేచింది. షామ్‌బీ బాలింత కాబోతోంది కదా, దానికి పరుపు. ఆ ఇంట్లో ఉన్నవాటిలో అంతకన్నా గొప్పది ఏదీ లేదు. అవ్వ ఆ దూదిని బుగ్గకు ఆనించి చూసుకుని, బోనులో ఒక మూల మెత్తగా పరిచింది. నేను పక్కనే కూర్చుని చూశాను. అంత అందమైన పడకను నేను మనుషులకు కూడా చూడలేదు.

కాన్పు తెల్లవారుజామున అయింది. నేను నీళ్ళకు వెళ్తుంటే అవ్వ తలుపు సందులోంచి చేయి ఊపింది. దీపం వెలుగులో చూశాను. దూదిలో, తోలు తీయని పల్లీగింజల్లా, ఎర్రగా, కళ్ళు లేకుండా ఎనిమిది ప్రాణాలు. చర్మంలోంచి లోపలి పాల తెలుపు కనబడుతోంది. నోట్లో అప్పటికే పళ్ళు ఉన్నాయి. అవ్వ కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి, ఆమె తుడుచుకోవడం లేదు.

తర్వాత ఆమె మూట విప్పింది. తడిసిన దూది తీసి కొత్త దూది పెట్టింది. బాలింత ఇంటికి చేసినట్టే నిప్పుల మీద సాంబ్రాణి వేసి బోను చుట్టూ పొగ తిప్పింది. ఊపిరి ఆడుతోందో లేదోనని పిల్లల్ని ఒక్కొక్కటిగా చూపుడువేలితో తాకింది. ఇంతియాజ్ దూరం ఉండమన్నాడు కదా అని నేను నసిగాను.

"దూరం ఉండుమన్నది పరాయోళ్ళను. మంత్రసాని పరాయిదెట్లయితది?" అంది.

పొద్దెక్కేసరికి పక్కింటి జమ్ములమ్మ చేటలో వాము, వెల్లుల్లి పెట్టుకుని వచ్చింది. ఆమె వెనక నలుగురు ఆడవాళ్ళు. పురుడు జరిగిన ఇంటికి ఉట్టి చేతులతో వెళ్ళకూడదు కదా. అందరూ బోను మీదకు వంగారు. "అయ్యో, గోర్లు సూడే!" "మీసాలు సూడే!" అని ఒకరి మీద ఒకరు పడి చూస్తున్నారు.

షామ్‌బీ ఒక్కసారిగా లేచి నిలబడింది. ముక్కు అదిరిపోతోంది. అటు పరుగెత్తింది, ఇటు పరుగెత్తింది. గభాలున ఒక పిల్లను నోట కరుచుకుంది. పిల్ల నోట్లోకి వెళ్ళిపోయింది. రెండోది కూడా వెళ్ళిపోయింది. మూడోది, నాలుగోది.

"తింటున్నది!" అని జమ్ములమ్మ కేక పెట్టింది. "పిల్లల్ని తింటున్నదే! రాచ్చసి! ముసల్దానా, గిదేం పురుడు పోసినవే, పాపం మూట గట్టుకున్నవ్!"

అవ్వ గోడకు జారగిలబడింది. ముఖంలో రక్తం లేదు. కళ్ళు మూసుకోవాలనుకున్నాను, మూసుకోలేకపోయాను. అవ్వ కూడా మూసుకోలేదు. పొంగిన ఆ బుగ్గల వైపే చూస్తోంది. చూస్తూ చూస్తూ ముందుకు పాకింది.

"కదులుతున్నది" అంది.

"ఏం కదులుతున్నదే?"

"దవడ. లోపల కాలు తన్నుతున్నది. కడుపుల బిడ్డ తన్నినట్టు." ఆమె గొంతు గుసగుసలా అయింది. యాభై ఏళ్ళపాటు ఎన్ని కడుపుల మీద ఆ కదలికను చేత్తో చూసిందో ఆమె. నేనూ చూశాను. ఉబ్బిన బుగ్గ మీద సన్నటి చర్మం ఒకచోట లేచి, అణిగి, మళ్ళీ లేచింది. పల్లీలు దాచుకున్న సంచుల్లోనే అది తన పిల్లల్ని దాచుకుంది. మా నుంచి దాచుకుంది.

ఇంతియాజ్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. అతను సంగతంతా వినకముందే అరిచాడు. "అందరు బయటికి నడవున్రి! భయం పోతేనే అది పిల్లల్ని బయటికి తీస్తది. సాలసేపు ఉంచుకుంటే లోపల ఊపిరాడదు. దాదీ, నువ్వు కూడ. ఏం ముట్టకు. ఏం చెయ్యకు."

"నేనేం జెయ్యాలె?"

"ఏం చెయ్యకుంటుండుడే చెయ్యాలె!"

అవ్వ బోను మీద గోనెపట్టా కప్పింది. అందరినీ బయటికి తోసి, తానూ వచ్చి, తలుపు దగ్గరగా వేసి గడప బయట కూర్చుంది. రెండు చేతులూ చంకల్లో దూర్చుకుంది. "దానికి వాసనే కండ్లని నువ్వు చదివినవ్ గప్‌చుప్" అంది నాతో. "నేను దాని కండ్లల్ల సాంబ్రాణి పొగ కొట్టిన."

వీధి మలుపులో కురుమయ్య ట్రాక్టరు పాటలు పెట్టుకుని వస్తోంది. నేల అదురుతోంది. అవ్వ లేచి నడివీధిలోకి ఉరికింది. "ఎదురుకాళ్ళోడా, బండి ఆపు! పాట ఆపు! లోపల బాలింత ఉన్నది!"

కురుమయ్య బెదిరిపోయి ఇంజను ఆపేశాడు. "ఎవరవ్వా బాలింత?"

"షామ్‌బీ."

ఆమె ఎవరో అతనికి తెలియదు. అయినా బండి దిగాడు. పత్తి బోరాల మీద కూర్చున్న కూలీలను దింపి, ఇంజను ముట్టించకుండా, అందరూ కలిసి ఆ ట్రాక్టరును మా వీధి దాటేదాకా చప్పుడు లేకుండా తోసుకెళ్ళారు. జమ్ములమ్మ తన పొయ్యి మీద కుక్కరు కూత వేయకముందే దించేసింది. పొద్దు పైకెక్కింది. ఆ వీధి అంత నిశ్శబ్దంగా ఉండడం నేను ఎప్పుడూ వినలేదు.

అప్పుడు లోపలి నుంచి సన్నటి గొంతు వినబడింది. చీమ ఏడిస్తే ఎలా ఉంటుందో అలా.

అవ్వ తల ఎత్తింది. "ఒక్క గొంతే" అంది.

"అంటే?"

"పాలు తాగేటియి ఏడ్వవు. మిగిలినయి బయటపడి తల్లి కాడ ఉన్నయి. ఇదొక్కటి ఏడనో ఒంటిగ ఉన్నది."

ముట్టవద్దని, బెదిరితే తల్లి పిల్లల్ని తినేస్తుందని ఇంతియాజ్ చెప్పాడు. ముట్టుకోకపోతే? ఆమె తలుపు మీద చేయి వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. ఇన్నేళ్ళలో ఆమె ఏ ఇంటి ముందూ అలా తటపటాయించడం నేను చూడలేదు. గొంతు మళ్ళీ వినబడింది, ఈసారి ఇంకా సన్నగా. అవ్వ తలుపు తోసింది.

పట్టా కొస ఎత్తి చూశాం. షామ్‌బీ దూది పరుపు వదిలేసింది. అవతలి మూలలో పల్లి పొట్టు కుప్ప చేసుకుని, అందులో ఏడు పిల్లల మీద పడుకుని ఉంది. దూదిని కాళ్ళతో ఇవతలికి తోసేసింది. ఆ దూదిలో ఎనిమిదోది ఉంది. తాత అంత సన్నగా ఏకిన పోగొకటి దాని వెనకకాలికి చుట్టుకుని బిగుసుకుంది. తల్లి ఎత్తబోతే రాలేదేమో. కాలు ముదురు రంగుకు తిరిగింది.

"నా దూది" అన్నాడు వెనక నుంచి తాత.

అవ్వ బోను కింది పళ్ళెం కాస్త జరిపి, షామ్‌బీ మూత్రంతో తడిసిన పొట్టు పిడికెడు తీసింది. దాన్ని రెండు అరచేతులకూ, వేళ్ళ సందుల్లో, మణికట్ల దాకా రుద్దుకుంది. కిటికీలోంచి చూస్తున్న జమ్ములమ్మ, "చీ, చీ" అంది.

"నువ్వు పుట్టంగనే నా ఒళ్ళె పోసినవే. గప్పుడు చీ అన్ననా? సప్పుడు చెయ్యకు."

సూది తీసుకుని దాన్నీ అదే పొట్టులో పొర్లించింది. బోను తలుపు తెరిచి చేయి లోపల పెట్టి, కదలకుండా ఉంచింది. షామ్‌బీ తల ఎత్తి ముక్కు ఆడించింది. చాలాసేపు ఆడించింది. తర్వాత తల దించింది. అప్పుడు అవ్వ చేయి పిల్ల దగ్గరకు వెళ్ళింది. వణుకు ఆగలేదు. మణికట్టును తీగ అంచుకు ఆనించింది. వణుకు అక్కడే ఉండిపోయి వేళ్ళ దాకా రాలేదు.

"బొడ్డుపేగు మెడకు చుట్టుకున్నప్పుడు లాగొద్దు" అని తనలో తాను గొణుక్కుంది. "లాగితే బిగుస్తది. సడలియ్యాలె. సడలిస్తే అదే ఒస్తది."

పల్లి నూనె ఒక చుక్క సూది మొన మీద పట్టమంది. నేను పట్టాను. ఆ చుక్కను పోగు మీద రాల్చి, మొనను పోగు కింద దూర్చి, లాగకుండా ఎత్తి పట్టింది. ఒక చుట్టు వదులైంది. మరో చుట్టు ఉంది. అదీ వదులైంది. కాలు బయటికి వచ్చింది. అవ్వ దూదంతా తీసేసి, పిల్లను పొట్టు మీద వదిలి, చేయి వెనక్కి తీసుకుంది.

షామ్‌బీ వచ్చింది. పిల్ల చుట్టూ వాసన చూసింది. కాలి దగ్గర ఆగింది. అక్కడ నూనె ఉంది, అవ్వ చేయి ఉంది, సాంబ్రాణి ఉంది, తన వాసన కూడా ఉంది. వీటన్నిటిలో దేన్ని నమ్ముతుంది? నోరు తెరిచింది. పొడవాటి పసుపుపచ్చ పళ్ళు కనబడ్డాయి. జమ్ములమ్మ కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. అవ్వ మాత్రం రెప్ప వేయలేదు.

పిల్ల నోట్లోకి వెళ్ళింది. బుగ్గ పొంగింది. షామ్‌బీ అవతలి మూలకు పరుగెత్తి, ముందుకాలితో బుగ్గను మెల్లగా తోసింది. పల్లీ రాలినట్టే, ఒక్క గీత కూడా పడకుండా, పిల్ల మిగిలిన ఏడింటి మధ్యలోకి జారింది. తల్లి దాని మీద పడుకుంది.

"దిగింది" అంది అవ్వ.

అంతే. మేము బయటికి వచ్చి తలుపు వేశాం. తాత చెంబుతో నీళ్ళు తెచ్చి, "చేతులు కడుక్కో, బువ్వ తిందాం" అన్నాడు. అవ్వ చేతులు చాచింది గానీ ఆయన నీళ్ళు పోయబోతే వెనక్కి తీసుకుంది. ఇంకాసేపు ఉండనిమ్మంది. ఆ పొట్టు వాసన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

"పురుడు నేను పొయ్యలే గప్‌చుప్" అంది కాసేపటికి. "ఆమెనే పోసుకున్నది. నేను ఒక్క పోగు తీసిన. గా పోగు కూడ నేను పెట్టిందే."

తర్వాత ఎవరూ ఆ గదిలోకి గింజలు, నీళ్ళు పెట్టడానికి తప్ప వెళ్ళలేదు. రెండు వారాలకు పిల్లల కళ్ళు తెరుచుకున్నాయి. వెంట్రుకలు మొలిచాయి. పల్లీలు బుగ్గల్లో నింపుకుని, భుజాలు పొంగించుకుని, ఎనిమిదీ ఒకదాని వెనక ఒకటి ఊగుతూ తిరిగేవి. హలబ్ చేనులో తవ్వి తీసిన ఆ తల్లి నుంచి ఎన్ని కడుపులు దాటి, ఎన్ని బుగ్గల్లో దాక్కుని ధరూర్ దాకా వచ్చాయోనని తలుచుకుంటే నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. తాత విల్లును మళ్ళీ గోడకు తగిలించాడు. అవ్వ ఇనప్పెట్టె తెరిచి, మూటలోని గుడ్డలన్నీ తీసి బొంత కుట్టడం మొదలుపెట్టింది. ఆ ఏడు వాటిని మళ్ళీ మూట కట్టలేదు.

పిల్లలు ఒకదాన్నొకటి కరుచుకోవడం మొదలుపెట్టాక ఇంతియాజ్ వేరు వేరు డబ్బాలతో వచ్చాడు. ఇక ఎవరి ఇల్లు వాళ్ళదే కదా. ఒక్కొక్కదాన్నీ తీసి డబ్బాలో వేస్తుంటే అవ్వ గడపలో నిలబడి చూసింది. ఒకటి వెనకకాలు కాస్త ఈడ్చి నడుస్తోంది. ఆ కాలి చుట్టూ వెంట్రుకలు లేని సన్నటి గీత ఉంది.

ఆటో కదిలింది. కురుమయ్య ఎదురుగా వస్తూ, వీధిలో మళ్ళీ బాలింత ఉందేమోనని పాట ఆపేశాడు. అవ్వ అతన్ని చూడనే లేదు. ఆటో వెనకే నాలుగడుగులు వేసి గొంతెత్తింది.

"ఇంతియాజూ! గా దూదికాలోణ్ణి జర పైలంగ సూడు రా!"